ఉల్లిపొరల నీళ్ళు

ఉల్లిగడ్డను నాలుగు చెక్కలు కోసి, లోపటి రేకను పటుక్కున ఇరిస్తె ఇరిగిన కాడ సన్నటి పొర ఒకటి ఏలాడుతది. దాన్ని చిమటతోని పట్టి గుంజాలె. జోరుగ గుంజితె చినుగుతది, భయపడుకుంట గుంజితె మడత పడుతది. నాందేడ్ల ఒక కాలేజీల, చెట్ల పాఠాలు చెప్పే ల్యాబుల, ఈ పొర తీసుట్ల హన్మాండ్లును మించినోడు లేకుండె. ప్రొఫెసర్లు తియ్యరా అంటె తీస్తుండ్రి. కని ఆల్లు తీసిన పొర మైక్రోస్కోపు కింద పెడితె పిల్లలకు మడతలే కనవడుతుండె. అప్పుడు "హన్మంతరావ్, జరా బఘా హో" అని, జర సూడుమని మరాఠీల పిలుస్తుండ్రి. ఈయన అచ్చి, నోరు తెరువకుంట తీసిచ్చి పోతుండె. పేరు హన్మాండ్లు అని ఇరువై ఏండ్లల్ల ఒక్కపారి గూడ దిద్దలే.

ఇల్లు చౌఫాళా దిక్కు, రెండర్రలది. పద్మశాలీలు. తండ్రి మగ్గం మీద కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. తల్లి నర్సవ్వది బిలోలి దిక్కు ఊరు. నాందేడ్‌కు అచ్చి నలభై ఏండ్లైనా ఆమె మరాఠీ మాట్లాడితె తెలుగే ఇనవడుతుండె. ఎవ్వలన్న నవ్వితె అదే మాట ఇంకింత గట్టిగ అంటుండె, గంతె గని మార్చుకునేది లేదు. పెండ్లాం వత్సలది ముఖేడ్. పొద్దంత గడపల కూసోని బీడీలు చేస్తుండె. హన్మాండ్లు నిజాం కాలంల ఉర్దూ బడిల నాలుగో తరగతి దాక చదివి ఇడిసిపెట్టిండు. కాలేజీ కొత్తగ పెట్టినప్పుడు ఊడ్చుటానికి, నీళ్ళు నింపుటానికి పెట్టుకున్నరు. మగ్గం ఇంట్ల పుట్టిన చేతులు కదా, పోగు తెగకుంట పట్టుడు ఆ చేతులకు ఎవ్వలు నేర్పలే. ఒకనాడు మంగలికత్తితోని గడ్డిచామంతి కాడను అడ్డంగ కోసి సూపెడితె, ఆ కోసిన ముక్కల నుంచి అవుతలి ఎలుగు కనవడ్డది. ఆన్నుంచి చీపురు ఇంకొకనికి పోయి కత్తి ఈయనకు అచ్చింది.

పాఠం గూడ అచ్చింది. ఏడాదికొక్కపారి ఒక్కటే పాఠం, పక్కన నిలవడి పదేండ్లు ఇంటె గోడకు గూడ అస్తది. నల్ల కాయిదం కట్టిన ఆకు రెండు దినాలైనంక తీసి, స్పిరిటుల ఉడుకవెట్టి, అయొడిన్ పోస్తె ఎండ తాకిన జాగ నల్లవడుతది, కాయిదం కింది జాగ పాలిపోయి ఉంటది. ఎండ లేకుంటె ఆకు బువ్వ వండుకోలేదన్నట్టు. మొలకలొచ్చిన శెనగలు శీసాల పోసి మూత పెడితె శీసా ఎచ్చగైతది; గింజ గూడ ఊపిరి తీస్తదన్నట్టు. ఇగ ఉల్లిపొర. ఎర్ర ఉల్లిగడ్డ పైపొరను మైక్రోస్కోపు కింద సూస్తె ఇటుకలు పేర్చినట్టు అర్రలు కనవడుతయి. మరాఠీల పేశీ అంటరు, మనోళ్ళు కణం అంటరు. హన్మాండ్లు మాత్రం అర్ర అనేటోడు. అర్ర నిండ ఎర్రటి నీళ్ళుంటయి. పక్క నుంచి ఉప్పునీళ్ళు ఒక చుక్క ఇడిస్తె, లోపటి నీళ్ళు బయిటికి పోయి, ఆ ఎర్రది గోడలు ఇడిసి నడుమకు ముడుసుకపోతది. మల్ల మంచినీళ్ళు పోస్తె మెల్లగ నిండుతది. కని తొందరగ పొయ్యాలె. ఆలస్యమైతె ఎన్ని నీళ్ళు పోసినా అర్ర నిండది, సచ్చిపోయిందన్నట్టు. ఆ పాఠం నాడు హన్మాండ్లు శీసా చేతిల పట్టుకోని గడియారం సూసుకుంట నిలవడుతుండె. ఆయన చేతిల ఒక్క పొర గూడ సావలే.

ఇదంత ఎందుకు చెప్తున్న అంటె, అరవై ఎనిమిది శ్రావణంల ఆయన బిడ్డ సావుకు దీనికి సంబంధం ఉన్నది.

బిడ్డ పేరు సుమిత్ర. రెండున్నర ఏండ్లది. పెండ్లైన ఏడేండ్లకు పుట్టింది, ఆ ఎనుక ఇంకెవ్వలు పుట్టలే. తండ్రి కాలేజీ నుంచి రాంగనె అంగీ జేబుల చెయ్యి పెడుతుండె, మొలకల శెనగలు ఉంటయని. ఉంటుండె గూడ. గోదావరికి కొత్తనీళ్ళు అచ్చినయి, వాడకట్టుల ఇంటికొకలు పడ్డరు. ఐతారం తెల్లారంగ పిల్లకు వాంతులు, బేదులు మొదలైనయి.

నర్సవ్వకు తెలిసిన రివాజు ఒకటే, ఆమె తల్లికి తెలిసింది, ఆ వాడకట్టుల అందరికి తెలిసింది. బేదులు పట్టినోళ్ళకు నీళ్ళు తాపొద్దు. తాపినకొద్ది పోతయి. పొయ్యేది ఆగాలంటె పోసేది ఆపాలె. ఆమె తడిబట్ట కొస పిల్ల పెదిమెలకు అద్దింది, నీళ్ళ కుండను పిల్ల కండ్లకు కనవడకుంట పక్క అర్రల పెట్టింది, పోచమ్మకు మొక్కింది. నిర్దయ కాదది. మనుమరాలంటె ఆమెకు పానం. పిల్ల నీళ్ళు నీళ్ళు అని అడుగుతుంటె ఆమె చెవులల్ల కొంగు కుక్కుకున్నది గని పొయ్యలే.

పగటీలికి నర్సవ్వ ఉతుకుటానికి పెరట్లకు పోయింది. అప్పుడు వత్సల లోటాల నీళ్ళు ముంచి తెచ్చి పిల్ల నోటికి పెట్టబోయింది. హన్మాండ్లు లోటా గుంజుకున్నడు. "అమ్మ చెప్పినట్టు ఇను" అన్నడు. లోటా మూలకు పెట్టిండు. ఆ లోటాను పిల్ల సూసింది. ఏడ్చింది గని కండ్లల్ల నీళ్ళు రాలే. కడుపు మీద తోలు పట్టి ఇడిస్తె పట్టినట్టే నిలవడ్డది. పెరట్ల నుంచి అచ్చిన నర్సవ్వ, కండ్లు పొడిగున్నయి, నొప్పి తగ్గినట్టున్నది అన్నది. జర సేపటికి పిల్ల సప్పుడు చేసుడు బందు చేసింది. టాంగ పిలిసి దవాఖానకు తోల్కపోతుంటె తొవ్వల పోయింది. దవాఖాన గేటు కనవడుతనే ఉండె.

హన్మాండ్లు ఏడువలే. వత్సల ఏడ్చింది, నర్సవ్వ నేల మీద పడి ఏడ్చింది. ఈయన ఎట్ల నిలవడ్డడో గట్లనే ఉన్నడు. గట్టి మనిషి అన్నరు కొందరు. గట్టి కాదు, మొద్దు. పదకొండో నాడు కాలేజీకి పోయి పొరలు తీసిండు, ఎప్పటిలెక్కనే తీసిండు, ఒక్కటి గూడ చినుగలే. ఆయనకు ఏం అనిపియ్యలే. మొలకల శెనగలు మిగిలితె పావురాలకు ఏసిండు. అన్నం పెడితె తిన్నడు, పెట్టకుంటె అడుగలే. ఉప్పు తక్కువైనా ఎక్కువైనా తెల్వకపోతుండె. పండుగలచ్చినయి, పోయినయి. కరువచ్చింది, పోయింది. వత్సల అత్తతోని అవసరమైన మాట తప్ప మాట్లాడుడు మానుకున్నది. మొగనితోని గదీ లేదు. లోటా ముచ్చట ఆమె ఎవ్వలకు చెప్పలే, ఆయన చెప్పలే. గట్ల పదకొండేండ్లు గడిసినయి. ఒక్క ఇంట్ల ముగ్గురు మనుషులు ఒక్క మాట సుట్టు తిరుక్కుంట బతికిండ్రు.

డెబ్బై తొమ్మిది వానకాలంల కాలేజీకి విమలాబాయి అనే దవాఖాన నర్సు అచ్చింది. కాలేజీ పిల్లలు సెలవులల్ల భోకర్, బిలోలి దిక్కు పల్లెలకు పోయి బేదుల రోగం గురించి చెప్పాలె, దానికి ముందు ఆల్లకు నేర్పాలె. నేర్పుడు ల్యాబులనే పెట్టిండ్రు. హన్మాండ్లు నీళ్ళు కాగవెట్టి సల్లార్చి పెట్టిండు. ఆమె లోటెడు నీళ్ళల్ల మూడు వేళ్ళతోని చిటికెడు ఉప్పు, గుప్పెడు చక్కెర ఏసి కలిపింది. బేదులు ఎన్నిపార్లైతె అన్నిపార్లు ఇది తాపాలె, వాంతి అయినా జర ఆగి చెంచతోని మల్ల తాపాలె, నీళ్ళు బందు పెడితెనే మనిషి పోతడు అని చెప్పింది. ఉప్పు ఎక్కువైతె మంచిది కాదు, అందుకని తాపే ముందు నాలుకకు తాకిచ్చుకోని సూడాలె, కన్నీళ్ళకన్న ఉప్పగ ఉండొద్దు అన్నది.

ఒక పిల్లగాడు లేసి ఎందుకట్ల అని అడిగిండు. నర్సు, చెట్ల పాఠం చెప్పే ఇందుబాయి మేడం దిక్కు సూసింది. మేడం హన్మాండ్లు దిక్కు సూసి, ఉల్లిపొర పెట్టుమన్నది. ఆయన పొర తీసి పెట్టిండు, ఉప్పునీళ్ళ చుక్క ఇడిసిండు, నిమిషాలు సూసుకోని మంచినీళ్ళు పోసిండు. పిల్లలు వరుసగ అచ్చి సూసిండ్రు. సూసిండ్రా, నీళ్ళు పోతె ఎట్ల ముడుసుకున్నదో, తిరిగి పోస్తె ఎట్ల నిండిందో, మన పానం గూడ గిసొంటి అర్రలతోని కట్టిందే అని మేడం చెప్పింది. అర్ర అన్న మాట ఆమె హన్మాండ్లు కాన్నుంచే నేర్చుకున్నది.

అందరు పోయినంక ఆయన గాజుపలకలు కడిగిండు. తుడిసి డబ్బల పెట్టిండు. పిల్ల పోయిన ఐతారానికి ముందు శుక్రారం ఆయన ఇదే టేబుల్ కాడ ఇదే పాఠానికి నలభై పొరలు తీసి, నలభై పొరల మీద టైముకు నీళ్ళు పోసిండు. అది యాదికచ్చింది. గంతే, యాదికచ్చింది. తాళం ఏసి ఇంటికి పోయిండు. తొవ్వల ఒక్కటే ఆలోచన. ఈ ముచ్చట అమ్మకు తెల్వద్దు. డెబ్బై ఏండ్ల ముసలిది, మనుమరాలిని నా చేతులతోనే ఎండగట్టిన అని తెలిస్తె ఇగ ఆమె బతుకుడు ఎట్ల? ఇంట్ల ఎవ్వలకు చెప్పలే. పిల్లలు పల్లెలకు పోయి చెప్పిండ్రు. ఈయన సొంత ఇంట్ల మాత్రం నోరు మూసుకున్నడు.

నెల దాటలే, నర్సవ్వకే బేదులు అచ్చినయి.

అది గూడ ఐతారమే. తెల్లారక ముందు మొదలైనయి, పొద్దెక్కేసరికి ముసలిది చాప మీద చేరగిలవడ్డది. కండ్లు గుంటలు పడ్డయి. హన్మాండ్లు చెయ్యి మీది తోలు పట్టి ఇడిసి సూసిండు. నిలవడ్డది. టాంగ పిలుస్త, దవాఖానకు పోదామన్నడు. ఆ టాంగల పిల్ల పోయింది, నేను సచ్చినా ఎక్క అన్నది నర్సవ్వ. తడిబట్ట మాత్రం అద్దుమన్నది. నీళ్ళ కుండ పక్క అర్రల పెట్టుమని కోడలికి తానే చెప్పింది. దూప అవుతున్నది, కనవడితె అడుగుత అన్నది.

హన్మాండ్లు గడపల కూసున్నడు. నీళ్ళు తాపితె ముసలిది బతుకుతది, కని ఎందుకు బతికిందో తెలిసిపోతది. తాపకుంటె ఏం తెల్వకుంట పోతది. ఛీ, గిదేం ఆలోచన అని మీరంటరు. ఆయన గూడ అనుకున్నడు, అనుకోని గూడ శానసేపు కూసున్నడు. లోపట్నుంచి ముసలిదాని గొంతు ఇనవడ్డది. నీళ్ళు అడుగుతలేదు, ఊకె నాలుకతోని పెదిమెలు తడుపుకుంటున్నది. ఆ సప్పుడు ఆయన ఎరిగిందే. లేసి లోపటికి పోయి లోటా తీసిండు. ఉప్పు, చక్కెర ఏసి కలిపి, నర్సు చెప్పినట్టు నాలుకకు తాకిచ్చుకున్నడు. కన్నీళ్ళకన్న ఎక్కువనా తక్కువనా? ఆయనకు ఎరుకలేకపోయింది. ఆ రుచి ఎన్నడో మరిసిండు.

నీళ్ళు పొయ్యకురా అన్నది తల్లి. నీళ్ళు కాదమ్మా, కాలేజీల ఇచ్చిన మందు అన్నడు. కాలేజీ మాటకు ఆమె ఎదురు చెప్పది. నోరు తెరిసింది. చెంచకు చెంచ తాపిండు. ఒకపారి కక్కింది, జర ఆగి మల్ల తాపిండు. సగం లోటా అయ్యేసరికి పగటీలి దాటింది. ముసలిదాని గొంతుల తడి అచ్చింది, కండ్లు తెరిసి గడప దిక్కు సూసింది. వత్సల గడపల బీడీల చాట ముందేసుకోని ఇటే సూస్తున్నది. పొద్దటి సంది ఒక్క బీడీ గూడ చుట్టలే.

నర్సవ్వ ఇంకో చెంచ మింగి, నోట్ల నాలుక తిప్పింది.

"ఇది మందు కాదు. ఉప్పు చక్కెర కలిపిన నీళ్ళు."

"కాలేజీల ఇచ్చిండ్రమ్మా."

"అరవై ఏండ్ల సంది వంట చేస్తున్నరా నేను."

ఇంకో చెంచ నింపిండు. ఆమె ఆయన మొఖం సూసింది, లోటా సూసింది, గూట్ల ఉప్పు డబ్బ సూసింది. తన ఒంట్లకు పానం ఎట్ల తిరిగొస్తున్నదో ఆమెకు తెలుస్తనే ఉన్నది.

"పిల్ల పోయిన్నాడు మనింట్ల ఉప్పు లేకుండెనా, హన్మాండ్లూ?"

ఇగ నోరు మూసుకున్నది. చెంచ పెదిమెల కాడ పెడితె తెరువలే. బలిమిన పోస్తె నీళ్ళు చెంపల మీదికెల్లి తలకింది మెత్తకు కారినయి. రెండుపార్లు గట్లనే అయింది. అంతల్నే మల్లొక బేది అయింది. సగం లోటాతోని నిలబెట్టిన పానం అటే పోతున్నది, ఆమె పోనిస్తున్నది. తెలిసే పోనిస్తున్నది. నర్సవ్వకు ఏదన్న పట్టు పడితె ఇడిపిచ్చుడు ఎవ్వని తరం కాదు.

హన్మాండ్లు చెంచ లోటాల ఏసిండు.

"అమ్మా, నీకు తెల్వని మాటొకటున్నది. నువ్వు పెరట్లకు పోయినప్పుడు వత్సల పిల్లకు నీళ్ళు తాపవోయింది. లోటా గుంజుకున్నది నేను. ఆ శుక్రారమే కాలేజీల ముడుసుకపోయిన పొరల మీద నీళ్ళు పోసి బతికిచ్చిన, నలభై మందికి సూపెట్టిన. నీకు తెల్వదు. నాకు తెలుసు. తెలిసుండి గుంజుకున్న."

వత్సల చాట పక్కకు పెట్టింది. లేసి, తంబాకు చేతులు మోరి కాడ కడుక్కోని అచ్చి, మొగని చేతిల నుంచి లోటా తీసుకున్నది. ఈపారి ఆయన ఇడిసిండు. ఆమె అత్త తలకాడ కూసోని తలను ఒడిలకు ఎత్తుకున్నది.

"నోరు తెరువు, అత్తమ్మా. అడిగినోళ్ళకు నీళ్ళు లేవనుడు ఈ ఇంట్ల ఒక్కపారి అయింది. సాలు."

పదకొండేండ్లల్ల ఆమె అత్తతోని మాట్లాడిన పెద్ద మాట గదే. నర్సవ్వ కోడలి మొఖం దిక్కు సూసింది. ఎనుక నోరు తెరిసింది. చెంచ ఎనుక చెంచ పోయింది. లోటా అడుగుకచ్చింది.

లోటా అయిపోయింది, ఇంకోటి కలుపు అన్నది వత్సల. హన్మాండ్లు లోపటికి పోయిండు. కాగవెట్టిన నీళ్ళు ముంచిండు, మూడు వేళ్ళతోని ఉప్పు తీసి ఏసిండు, చక్కెర ఏసి కలిపిండు. కలుపుతుంటె ముక్కు పక్కకెల్లి ఏదో జారచ్చి పెదిమెల నడుమ ఆగింది. తుడుసుకోబోయి, తుడుసుకోలే. నాలుకకు తాకింది. ఆ ఎనుక లోటాల వేలు ముంచి రుచి సూసిండు. ఉప్పు ఎక్కువైంది. ఇంకో గిలాసెడు నీళ్ళు పోసి, కలిపి, తీస్కపోయి వత్సలకు ఇచ్చిండు.